తాతయ్య మండువా ఇల్లు కురవకుండా ఉండాలంటే

ఒరేయ్ చంటీ,

నువ్వు పెట్టిన ఫొటోలు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. పడగొట్టి స్లాబ్ వేసేద్దాం అని అందరూ అంటుంటే నువ్వొక్కడివే బాగు చేయిద్దాం అన్నావు, సంతోషం. కానీ ఆ మేస్త్రీ చెప్పినట్టు ఇంటి నెత్తిన రెండు వాలులు కలిసే కొప్పంతా సిమెంటు కొట్టించి పైన తారు షీటు అంటించే పని మాత్రం పెట్టుకోకు, నీకు దండం పెడతా.

ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. 1996 నవంబర్ తుఫానుకి మా కొప్పు పెంకులు ఎగిరిపోతే దొరికిన మేస్త్రీని పట్టుకుని సిమెంటుతో బిగించేశా. పెంకుటిల్లు కదులుతుందిరా, వానకి కలప ఉబ్బుతుంది, ఎండకి లాగేస్తుంది, సిమెంటేమో కదలదు, రెండేళ్ళకి వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చాయి, అందులోంచి దిగిన నీళ్ళకి బయటికొచ్చే దారి లేదు. విప్పి చూస్తే కొప్పు కింద టేకు దూలం, వేలు పెడితే తడి బెల్లంలోకి దిగినట్టు దిగింది. సున్నం అలా కాదు, తడి పీల్చినా మళ్ళీ ఎండకి వదిలేస్తుంది. గానుగ పట్టిన సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి వేసే పాత మేస్త్రీ ఎవరైనా ఉన్నారేమో అమలాపురం వైపు వాకబు చెయ్యి.

ముందు ఒక పని చెయ్యి. మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూసి లైట్లు ఆపి పైకి చూడు, సూదిమొనంత వెలుగు కనపడిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టు. చుక్క పడేచోటే చిల్లు ఉంటుందనుకోకు, నీళ్ళు వాసం పట్టుకుని నాలుగడుగులు పాకి ఎక్కడో పడతాయి.

కప్పు నాలుగువైపుల నుంచీ నడిమి వాకిలివైపు వాలే మన మండువాకి అసలు ప్రాణం నాలుగు మూలలు. ఆ మూలల్లో రెండు వాలులు కలిసి నీళ్ళు దిగేచోట ఉన్న జింకు రేకు తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని మార్పించు. కొత్త రేకు అడుగున్నర వెడల్పుకి తగ్గకూడదు, రెండంచులూ పైకి మడిచి ఉండాలి, లేకపోతే జడివానలో నీళ్ళు పక్కకి ఎగిరి పెంకు కిందకి వెళ్తాయి. రేకు మీద రెండువైపుల పెంకుల మధ్య నీళ్ళు పారడానికి జానెడు ఖాళీ వదలమను. మనవైపు కొబ్బరిపూత, పీచు రాలి అక్కడే దిమ్మ కడుతుంది, దసరా లోపు ఓసారి చీపురు పెట్టించు, తుఫాన్లు ఆ తర్వాతే కదా.

పెంకుల సంగతి. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది మంగుళూరుది, 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల సంస్థ వాళ్ళు అక్కడ మొదలుపెట్టారు, తర్వాత బోలెడు కంపెనీలు వచ్చాయి, ఒకడి అచ్చు ఇంకొకడికి సరిపోదు. అందుకే కొత్తవీ పాతవీ కలిపి నేయించకు, గాళ్ళు కూర్చోవు. దించినవాటిని ఒక్కోటీ వేలితో కొట్టి చూడు, ఖంగుమంటే ఉంచు, మొద్దుగా మోగితే పారెయ్, మిగిలినవన్నీ ఒకే వాలుకి వాడి రెండో వాలుకి కొత్తవి తెప్పించు. చూరు దగ్గర రెండు వరసలు తీగతో కట్టించు, గాలి అక్కడే లేపుతుంది. కోతుల సంగతి నేనేం చెప్పలేను, అది దేవుడే చూసుకోవాలి.

కిటికీలకి సిలికాన్ చుట్టూ పూసెయ్యకు. కింద గట్టు బయటికి వాలుగా ఉండాలి, దాని అడుగున అంచుకి కొంచెం లోపలగా పెన్సిలు పట్టేంత గాడి తీయించు, నీటిబొట్టు గోడవైపు పాకకుండా అక్కడే తెగి పడుతుంది. అద్దాల చుట్టూ అవిసెనూనె లప్పం చాలు. రెక్కలు వానాకాలంలో బిగుసుకున్నాయని అప్పుడే చిత్రిక పట్టించకు, ఎండల్లో వదులైపోతాయి. ఇంకోటి, పెయింటరు రెక్క కింది అంచుకి రంగు వెయ్యడు, ఎవరికీ కనపడదు కదా అని, చెక్క పుచ్చడం మొదలయ్యేది అక్కడే. రెక్కలు ఊడదీయించి నీ ఎదురుగానే వేయించు.

కొప్పు విప్పే రోజు వీడియో కాల్ చెయ్యి. నేనే వద్దును గానీ నిచ్చెన చూస్తే మీ దొడ్డమ్మ గోల పెడుతుంది.

పెదనాన్న