నెట్ లేదంటారు, 4జీ రౌటర్ ఉందంటారు!

ప్రశ్న: మా ప్లాంట్‌లో మెషీన్లన్నిటినీ చూస్తూ నడిపే ఎస్‌కాడా పీసీ ఇంకా విండోస్ 7 మీదే నడుస్తోంది. దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. మెషీన్ సప్లయర్ వాళ్లు మాత్రం రిమోట్ సపోర్ట్ కోసం ప్యానెల్‌లో 4జీ రౌటర్ పెట్టి వెళ్లారు. ఏ యాంటీవైరస్ వేయమంటారు?

జవాబు: యాంటీవైరస్ సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఎస్‌కాడా కంపెనీ ఓకే అన్నది తప్ప వేరేది వేయకండి, ఎందుకంటే అది ఎస్‌కాడా ఫైలునే వైరస్ అనుకుని తీసేసిందంటే లైన్ ఆగిపోతుంది. విండోస్ 7కి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, పర్మిషన్ ఇచ్చిన ప్రోగ్రాములు తప్ప ఇంకేమీ రన్ కాకుండా వైట్‌లిస్టింగ్ పెట్టుకోవడం మేలు.

ఇక అసలు విషయం. నెట్ లేదంటూనే 4జీ రౌటర్ ఉందంటున్నారు, ఇలాంటి మెయిల్స్ నాకు వస్తూనే ఉంటాయి, రాసేవాళ్లెవరికీ ఇందులో తేడా కనిపించదు! దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టి ముందు తలుపుకి ఏ తాళం కొనాలి అని అడిగినట్టుంది. మెషీన్లని నడిపే చిన్న కంప్యూటర్లు, అంటే పీఎల్‌సీలు, చాలావాటిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఇంకా వాడుతున్న మోడ్‌బస్ అనే పద్ధతి 1979 నాటిది, దానికి పాస్‌వర్డ్ అడగడమే తెలీదు, నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు ఎవడైనా సరే వాల్వ్ తెరవమంటే తెరిచేస్తుంది. 2023 నవంబర్‌లో అమెరికాలో అలిక్విప్పా అనే ఊళ్లో నీళ్ల సరఫరా సంస్థ పంపింగ్ స్టేషన్‌లో పీఎల్‌సీని హ్యాకర్లు పట్టేశారు. ఆ రకం పీఎల్‌సీకి కంపెనీ ఇచ్చే డిఫాల్ట్ పాస్‌వర్డ్ 1111, దాన్ని మార్చకుండా నెట్‌కి తగిలించి వదిలేసినవి అప్పట్లో చాలానే దొరికాయి. 2021లో అమెరికాలో పెట్రోలు, డీజిల్ మోసే కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు దూరింది కూడా ఎవరూ వాడని పాత వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంట్ నుంచే, దానికి ఓటీపీ లాంటి రెండో చెక్ లేదు.

కాబట్టి ఆ రౌటర్ పవర్‌కి ఒక స్విచ్ పెట్టించండి. సప్లయర్ ఫోన్ చేస్తేనే ఆన్ చేయాలి, పని అయ్యేదాకా మీవాళ్లు ఒకరు స్క్రీన్ చూస్తూ ఉండాలి, అవగానే ఆఫ్. సప్లయర్ దగ్గర పదిమందికీ కలిపి ఒకటే లాగిన్ అంటే ఒప్పుకోవద్దు, మనిషికొకటి, ఓటీపీతో. రౌటర్ సిమ్‌కి పబ్లిక్ ఐపీ, అంటే నెట్‌లో ఎవరైనా నేరుగా చేరుకోగల అడ్రస్, ఉందేమో కూడా అడగండి, ఉంటే తీయించండి.

రౌటర్ ఆఫ్ చేస్తే అంతా సేఫ్ అని కూడా కాదులెండి, ఇరాన్‌లో నతాంజ్ అణు ప్లాంట్‌కి బయటి నెట్ లేకపోయినా స్టక్స్‌నెట్ అనే వైరస్ లోపలికి పోయింది, అది పెన్‌డ్రైవ్‌ల మీద కూడా పాకే రకం. సర్వీస్‌కి వచ్చేవాళ్ల ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ నేరుగా తగిలించనివ్వకండి. పీఎల్‌సీ మీద తాళంచెవి ఉంటే దాన్ని రన్ అనే చోటికి తిప్పి చెవి తీసేయండి, 2017లో సౌదీలో పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ప్రమాదం వస్తే మెషీన్లని ఆపే సేఫ్టీ కంట్రోలర్‌లోకి ట్రైటన్ అనే హ్యాకర్ల సాఫ్ట్‌వేర్ ఎక్కగలిగింది అలాంటి చెవినే లోపలి కోడ్ మార్చనిచ్చే ప్రోగ్రామ్ అనే చోట వదిలేయబట్టే.

మెషీన్లు అమ్మేవాళ్ల మీద కూడా నాకు ఒళ్లుమంట. మెషీనేమో ఇరవై ఏళ్లు నడుస్తుందని అమ్ముతారు, దాంట్లో పీసీకి అప్‌డేట్ వేస్తే మాత్రం వారంటీ పోతుందంటారు, పైగా అన్ని మెషీన్లకీ ఒకటే పాస్‌వర్డ్, అదీ మాన్యువల్‌లోనే అచ్చేసి ఉంటుంది! ఈసారి కొనేటప్పుడు సెక్యూరిటీ లోపాలు సరిచేసే అప్‌డేట్లు (ప్యాచ్‌లు) ఎన్నేళ్లు ఇస్తారో ఆర్డర్‌లోనే రాయించుకోండి, రాయకపోతే బిల్లు ఆపండి.