కాలేజీ లైబ్రరీకి సినిమాలు సూచించేటప్పుడు పేరుతోపాటు కారణం కూడా రాయించండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇట్లా: మీ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో సినిమాలు, టీవీ ధారావాహికల విభాగం కొత్తగా పెడుతున్నారు. విద్యార్థుల నుంచి పేర్లు సేకరించే బాధ్యత మీకు అప్పగించారు. ఏవి సూచిస్తే బాగుంటుంది, సూచనలు ఏ పద్ధతిలో తీసుకోవాలి అని అడిగారు. నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇటువంటి విభాగాన్నే మొదటిసారి తప్పుగా పెట్టి, రెండోసారి సరిదిద్దుకున్నాం. ఆ అనుభవంతో చెప్తున్నాను: ఓట్లు లెక్కపెట్టకండి. ప్రతి పేరు పక్కన కారణం రాయించండి, ప్రతి సూచనకూ లైబ్రరీ చేత రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి.

మొదటిసారి మేము చేసింది అందరూ చేసేదే. తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టి, "మీకు ఇష్టమైన సినిమాల పేర్లు రాసి వేయండి" అని నోటీసు అంటించాం. రెండు వారాల్లో డబ్బా నిండింది. చీటీలు విడదీసి లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చిన పేర్లకు డిస్కులు కొన్నాం. సంవత్సరం చివర స్టాకు సరిచూసినప్పుడు వాటిలో సగానికిపైగా డిస్కుల మీద ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. అవన్నీ ప్రతి పండుగకూ టీవీలో వచ్చేవి, అందరి ఫోన్లలో ఉన్నవి; వాటికోసం లైబ్రరీ దాకా రావలసిన అవసరం ఎవరికీ లేదు. ఇందులో విద్యార్థుల తప్పేమీ లేదు. ఇష్టమైనవి రాయమన్నాం, వాళ్లు ఇష్టమైనవే రాశారు. బయట సులభంగా దొరకనిది ఏది, దొరికినా ఒక్కరే చూసి అర్థం చేసుకోలేనిది ఏది, చదువుతున్న పాఠానికి తోడు వచ్చేది ఏది అని అడగవలసింది మేము, అది మేము అడగలేదు.

మరుసటి సంవత్సరం డబ్బా తీసివేసి, కౌంటరు మీద ఒక పొడవాటి రిజిస్టరు పెట్టాం. పెన్నుకు దారం కట్టి రిజిస్టరు అట్టకే ముడివేశాం. గడులు మా అటెండరే స్కేలుతో గీశాడు: తేదీ, పేరు, గ్రూపు, సినిమా లేదా ధారావాహిక, భాష. ఆ తర్వాత అన్నిటికంటే వెడల్పైన గడి, "ఇది మన లైబ్రరీలో ఎందుకు ఉండాలి?" అని. చివరి గడి "లైబ్రరీ జవాబు". ఆ వెడల్పు గడిని చూసి కొందరు పెన్ను కింద పెట్టి వెళ్లిపోయిన మాట నిజం. సూచనల సంఖ్య బాగా తగ్గింది. కానీ రాసినవాళ్లు మనసు పెట్టి రాశారు.

సిరిసిల్ల నుంచి వచ్చిన బీకాం విద్యార్థి ఒకడు 'మల్లేశం' అని రాసి, పక్కన "మా నాయన సాంచాల మీద పని చేస్తడు. కరెంటు సాంచ తప్ప నాకు చేతి మగ్గం తెలువది. ఆసు పోసుడు ఎట్లుంటదో మా అమ్మమ్మ చెప్తది గని సమజ్ కాదు" అని రాశాడు. సాంచ అంటే మరమగ్గం. 2019లో వచ్చిన ఆ సినిమా ఆలేరు ప్రాంతపు నేతకారుడు చింతకింది మల్లేశం కథ. నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి సిద్ధం చేయడాన్ని ఆసు పోయడం అంటారు. ఆ పనిలో ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి తిప్పి తల్లికి భుజం నొప్పి పట్టడం చూడలేక ఆయన యంత్రం చేశారు, దానికి తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. ఆ మూడు వాక్యాల వల్ల మేము 'మల్లేశం' ఒక్కటే కొని ఊరుకోలేదు; పోచంపల్లి నేతకారుల మీద శ్యామ్ బెనగల్ 1987లో తీసిన 'సుస్మన్' కూడా వెతికాం. ఓట్లు లెక్కపెట్టి ఉంటే ఆ అబ్బాయి సూచనకు ఒక్క ఓటు వచ్చి ఉండేది.

అదే రిజిస్టరులో చరిత్ర గ్రూపు అమ్మాయి ఒకామె బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' పేరు రాసింది. ఆమె రాసిన కారణం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "మా నాయనమ్మ గడి ముచ్చట చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తది. ఎందుకు తగ్గిస్తదో నాకు తెలవాలె." తెలంగాణ గడిలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, వెట్టికి బతుకు అర్పించిన స్త్రీ కథ అది. అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది. కరీంనగర్ జిల్లాకు చెందిన చిత్రకారుడు తోట వైకుంఠానికి కళా దర్శకత్వంలో జాతీయ పురస్కారం వచ్చింది. ఈ వివరాలన్నీ మేము కార్డు మీద రాసుకున్నాం. కాలేజీలో ఆ సినిమా ప్రదర్శించిన రోజు ఆ అమ్మాయి తన నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తల్లిదండ్రులు సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లినందున ఆమెను పెంచింది నాయనమ్మే. ముసలమ్మ ముందు వరుసలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సినిమా అంతా చూసింది. మాటలు చాలా తక్కువగా ఉన్న సినిమా కాబట్టి గదిలో ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. లైట్లు వేసిన తర్వాత ఎవరూ ఏమీ అడగకముందే ఆమె, "వీళ్లను మేము ఆడబాపలంటుంటిమి బిడ్డా" అన్నది. మా కేటలాగులో ఆ సినిమాకు నేను పెట్టిన విషయ పదాలు "భూస్వామ్యం", "స్త్రీలు", "చరిత్ర". మరునాడు వాటి పక్కన "గడి", "వెట్టి", "ఆడబాప" చేర్చాను. ఆ తర్వాత విద్యార్థులు మా కంప్యూటరులో "గడి" అని కొట్టి ఆ సినిమా దాకా వచ్చారు. అందుకే సూచించేవాళ్లు ఏ మాట వాడితే ఆ మాటనే కేటలాగులోకి తీసుకొమ్మని మీ లైబ్రేరియన్‌ను అడగండి. ఇది ఖర్చు లేని పని, మిగతా అన్ని పనుల కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

ఏవి సూచించాలి అన్న మీ మొదటి ప్రశ్నకు వస్తే, మన ప్రాంతం నుంచి మొదలుపెట్టండి అంటాను. తెలంగాణ సాయుధ పోరాటం మీద కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి', తెలంగాణ పల్లెలో దక్కనీ మాటతో నడిచే బెనగల్ మొదటి సినిమా 'అంకుర్' (1974) లేకుండా వరంగల్ కాలేజీలో సినిమా విభాగం ఉంటే అది నాకు లోటుగానే కనిపిస్తుంది. అందరి ఫోన్లలో ఉన్న సినిమాను సూచించకూడదని నా ఉద్దేశం కాదు. 2023లో వచ్చిన 'బలగం' చూడనివాళ్లు మన దగ్గర తక్కువ. అయినా తెలుగు గ్రూపు విద్యార్థి ఒకరు "పిట్టకు పెట్టుడు గురించి, బుడిగ జంగాల పాట గురించి ప్రాజెక్టు చేస్తున్నాం, చివరి పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ మన దుగ్గొండి వాళ్లే" అని రాస్తే దానిని కొనడానికి అంతకన్నా కారణం అక్కరలేదు. ఇక సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955), డి సికా 'బైసికిల్ థీవ్స్' (1948) వంటివి ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. వాటికి మీరు ప్రత్యేకంగా శ్రమ పడనవసరం లేదు.

ధారావాహికల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అవి పొడవైనవి, ఖరీదైనవి, ఒక డిస్కు పోతే మొత్తం సెట్టు కుంటుపడుతుంది. నెహ్రూ గ్రంథం ఆధారంగా బెనగల్ 1988లో తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' 53 భాగాలు. కార్ల్ సేగన్ 'కాస్మోస్' (1980) 13 భాగాలు. రాజ్యాంగ రచన మీద 2014లో వచ్చిన 'సంవిధాన్' 10 భాగాలు. పొలిటికల్ సైన్స్ విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఈ చివరిదే. రాజ్యాంగ సభ చర్చలను పాఠ్యపుస్తకంలో చదివినప్పుడు మన పిల్లలకు అవి ఎవరో పెద్దలు రాసిపెట్టిన తీర్మానాలుగా కనిపిస్తాయి. 'సంవిధాన్'లో అంబేద్కర్ లేచి జవాబు చెప్పడం, ఇంకొకరు అడ్డుపడటం చూస్తే అది వాదనగా అర్థమవుతుంది. యూట్యూబులో అధికారికంగా ఉన్నవాటిని కొనవలసిన పని లేదు. లింకును కేటలాగులో చేర్పిస్తే చాలు.

విద్యార్థుల సూచనల్లో ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి ఓటీటీ సిరీస్‌లు. వీటి గురించి మొదటే స్పష్టంగా చెప్పండి, లేకపోతే నిరాశ మిగులుతుంది. ఓటీటీ చందా మామూలుగా వ్యక్తిగతంగా, ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చేది. ఒకరి ఖాతాతో లైబ్రరీ నడపడం ఆ షరతులకు విరుద్ధం. డిస్కుగా విడుదల కాని సిరీస్‌ను లైబ్రరీ సొంతం చేసుకోలేదు, ఆ సంస్థ తీసివేస్తే మనకు ఏమీ మిగలదు. ఎవరైనా పెన్‌డ్రైవులో తెచ్చి ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. డిస్కు కొన్న తర్వాత చూపించడానికి మాత్రం చట్టం అడ్డు రాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా ప్రదర్శించవచ్చు. అయితే చూసేవాళ్లు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవారు మాత్రమే కావాలి. నేను పైన చెప్పిన నాయనమ్మను లోపలికి రానివ్వడానికి మాకు ఆ "సంరక్షకులు" అన్న మాటే ఆధారమైంది. ఊరందరినీ పిలిచి వేస్తే ఆ మినహాయింపు వర్తించదు. సినిమాల మీద హక్కు మన దేశంలో విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1957 నాటి 'మాయాబజార్' గడువు 2017తో ముగిసింది. రంగులద్దిన ప్రతికి, సబ్‌టైటిళ్లకు వేరే హక్కులు ఉండవచ్చు కాబట్టి కొనేటప్పుడు ఏ ప్రతో చూసుకోవాలి.

డిస్కుల గురించి మేము నష్టపోయి నేర్చుకున్నవి రెండు చెప్తాను. విదేశం నుంచి తెప్పించిన సెట్టు ఒకటి మా ప్లేయరులో ఆడలేదు. డీవీడీలకు ప్రాంతీయ కోడ్ ఉంటుంది, మన దేశానిది 5, అమెరికాది 1. ఆర్డరు పెట్టకముందు అట్ట వెనుక ఆ అంకె చూడవలసింది, చూడలేదు. రెండోది, డిస్కుల బీరువాను పడమటి కిటికీ పక్కన పెట్టాం. మన వరంగల్ ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. సెలవుల తర్వాత తెరిచి చూస్తే పై అరలో కొన్ని డిస్కులు వంగిపోయాయి. బీరువా నీడలో ఉండాలి, డిస్కులు పుస్తకాల్లాగా నిలువుగా ఉండాలి, తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. ఈ మధ్య వచ్చే కంప్యూటర్లకు డీవీడీ డ్రైవు ఉండటం లేదు కనుక బయట తగిలించే డ్రైవు ఒకటి కూడా ఇండెంటులో రాయించండి. అది లేక విభాగం మొత్తం మూలన పడిన కాలేజీని నేను చూశాను.

అన్నిటికన్నా నిలకడగా చేయవలసిన పని ఆ చివరి గడి నింపడం. కొన్నాం, కొనలేదు, మార్కెట్లో లేదు, ఓటీటీలోనే ఉంది, వచ్చే సంవత్సరం చూస్తాం, ఏదైనా సరే, సూచన రాసిన పదిహేను రోజుల్లో జవాబు కనిపించాలి. ఒక విద్యార్థి తన పేరు పక్కన "లేదు, ఎందుకంటే" అన్న వాక్యం చదువుకుంటే మళ్లీ వచ్చి రాస్తాడు; ఖాళీ గడి చూస్తే రాడు. అభ్యంతరాలకూ అదే రిజిస్టరు వాడాం. కులం ప్రస్తావన ఉందని ఒక సినిమాను తీసివేయమని అడిగిన అధ్యాపకుడిని కూడా కారణం రాయమన్నాం. లైబ్రరీ కమిటీ సభ్యులు, ఇద్దరు విద్యార్థి ప్రతినిధులు కూర్చుని సినిమా మొత్తం చూసి, ఉంచాలని నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని కారణంతోపాటు ఆయన రాసిన వాక్యం కిందే నమోదు చేశారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో 18 ఏళ్లు నిండని పిల్లలు ఉంటారు కనుక సెన్సార్ సర్టిఫికెట్ వివరం కేటలాగులో తప్పనిసరిగా ఉండాలి, 'ఎ' సర్టిఫికెట్ ఉన్నవి వయసు చూసి ఇవ్వాలి.

చివరగా గడువు సంగతి. కాలేజీ బిల్లులు మార్చి 31 లోపల పాస్ కావాలి, కొటేషన్లకు, ఆర్డర్లకు కనీసం రెండు నెలలు పడుతుంది. కాబట్టి సూచనలు డిసెంబరులోపు అందేటట్టు చూడండి. ఈ వారమే రిజిస్టరు కౌంటరు మీదికి రావాలి. మొదటి పేజీలో మొదటి సూచన మీరే రాయండి, కారణంతో సహా. ఆ గడిలో ఎంత రాయాలో, ఏ భాషలో రాయవచ్చో మిగతా వాళ్లకు మీ నాలుగు వాక్యాలు చూస్తేనే తెలుస్తుంది.