బెంగళూరులో ఇల్లు కొనుక్కున్న మనోళ్ళకి, కుండీలు కొనేముందు ఒక మాట

మాది తెనాలి. పెళ్ళయ్యాక 2006లో బెంగళూరు వచ్చాం, అద్దె ఇళ్ళల్లో ఏడేళ్ళు తిరిగి చివరికి రామ్మూర్తి నగర్ దాటాక ఒక థర్టీ ఫార్టీ (ముప్పై అడుగులకి నలభై అడుగులు) సైటు తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఎవరు గృహప్రవేశం చేసుకున్నా పాలు పొంగించిన వారానికే అడిగే ప్రశ్న ఒకటే, "అక్కా, బాల్కనీలో ఏ మొక్కలు పెట్టుకోమంటారు?" నేను ప్రతిసారీ చెప్పేది కూడా ఒకటే. మొక్కలు తర్వాత కొందురుగాని, ముందు మీ ఇంటికి ఎండ ఎటునుంచి ఎన్ని గంటలు వస్తోంది, మీ కుళాయిలో నీళ్ళేంటి, మీ స్లాబు ఎంత మోస్తుంది, ఈ మూడూ చూసుకోండి. ఇవి మన ఊళ్ళో ఎవరూ చూడరు, పెరట్లో గుంట తీసి పాతితే అదే పెరుగుతుంది కాబట్టి చూడాల్సిన పని లేదు. ఇక్కడ చూడకపోతే మొక్కలూ పోతాయి, కొన్నిసార్లు ఇల్లూ పాడవుతుంది.

ఎండ సంగతి ముందు. మా పక్కింటి కన్నడ ఆంటీ నేను మొదటిసారి నర్సరీకి బయల్దేరుతుంటే ఆపి "ఎష్టు హొత్తు బిసిలు బరుత్తె నోడి మొదలు" అన్నారు, ఎంతసేపు ఎండ వస్తుందో ముందు చూడమని. ఆ మాట విలువ నాకు సంవత్సరం తర్వాత తెలిసింది. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు. అంటే దక్షిణం బాల్కనీకి చలికాలమంతా బంగారం లాంటి ఎండ, జూన్ జులైల్లో మాత్రం నేరుగా ఎండే పడదు, పైగా అప్పుడు మబ్బు. జనవరిలో ఫ్లాటు చూసి "అబ్బ ఎంత ఎండో" అనుకుని దక్షిణం వైపు గులాబీలు పెట్టుకున్న వాళ్ళు జులైలో ఆకులన్నీ రాలిపోయాయని ఫోన్ చేస్తారు. మొక్క తప్పు కాదు అది. మనోళ్ళు వాస్తు చూసి తూర్పు ముఖం ఇళ్ళే కొంటారు కదా, ఈ విషయంలో అది బాగా కలిసొస్తుంది, పొద్దున నాలుగైదు గంటల ఎండ వస్తే ఆకుకూరలు, తులసి, మందారం, పుదీనా అన్నీ హాయిగా వస్తాయి. రెండు గంటలు కూడా రాని చోట పూల మొక్కల జోలికి పోకండి, మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, తమలపాకు తీగ పెట్టుకోండి, తమలపాకుకి ఆ నీడా ఆ చల్లదనమే ఇష్టం.

ఇక స్లాబు. ఇది కొంచెం వివరంగా చెప్తాను ఎందుకంటే మేం దెబ్బ తిన్నది ఇక్కడే. ఇల్లు కట్టుకున్న రెండో ఏడు మేడ మీద పిట్టగోడ వెంబడి ఇటుకలు పేర్చి, పది అడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు మడి కట్టించి నేరుగా స్లాబు మీదే మట్టి పోయించాం. వాటర్‌ప్రూఫింగ్ పూత వేసినాయన "ఏం కాదు మేడం, ధైర్యంగా పోసుకోండి" అన్నాడు. బెండ, వంగ, బచ్చలి బ్రహ్మాండంగా కాశాయి. ఇక్కడ పెద్ద వానలు పడేది సెప్టెంబర్, అక్టోబర్లలో. ఆ సెప్టెంబర్లో ఒకరోజు పొద్దున లేచి చూస్తే బెడ్రూమ్ సీలింగ్ మీద అరచేతంత పసుప్పచ్చ మరక, దాని చుట్టూ టీ ఒలికినట్టు ముదురు అంచు. పది రోజుల్లో అది తట్టంత అయింది, పెయింటు పొక్కులు లేచి ఒక రాత్రి సున్నం పెచ్చు ఊడి మా చిన్నదాని దిండు పక్కన పడింది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాం, కాసే మొక్కలతో సహా మడి మొత్తం తవ్వి 38 సిమెంటు సంచుల్లో మట్టి కిందికి దించాం.

తర్వాత ఒక ఇంజనీరుని పిలిచి అడిగితే లెక్క చెప్పాడు. తడిసిన మట్టి ఒక ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. మా మడి 20 ఘనపుటడుగులు, అంటే దగ్గర దగ్గర టన్ను. మామూలు ఇళ్ళ మేడలకి డిజైన్ చేసేటప్పుడు చదరపు మీటరుకి 150 కిలోల భారం అనుకుని చేస్తారట, మేం పెట్టింది దానికి మూడింతలు. కాబట్టి ఎవరేం చెప్పినా స్లాబు మీద నేరుగా మట్టి పోయకండి. గ్రో బ్యాగులో (మొక్కలు పెంచే సంచి), తేలిక కుండీలో పెట్టుకుని వాటిని ఇనుప స్టాండు మీదో ఇటుకల మీదో ఎత్తి ఉంచండి, కింద గాలి ఆడాలి, నీళ్ళు నిలవకుండా పోవాలి. బరువైనవి గోడల మీదికి, దూలాల మీదికి వచ్చేలా అంచుల్లో పెట్టండి, నడిమధ్యలో వద్దు. వాటర్‌ప్రూఫింగ్, పెయింటింగ్ పనులన్నీ జనవరి నుంచి మార్చి లోపు గోడలు ఎండి ఉన్నప్పుడే చేయించుకోండి, చేయించాక మేడ మీద రెండంగుళాల నీళ్ళు కట్టి 48 గంటలు వదిలేసి కింద సీలింగ్ చూడండి, అప్పుడే మేస్త్రికి చివరి డబ్బులివ్వండి. ఇంకొకటి, పిట్టగోడ పగుళ్ళలో కాకుల్లాంటి పక్షుల రెట్టలోంచి లేచిన రావి మొలక కనబడితే ఆ రోజే వేరుతో పీకేయండి, దేవుడి చెట్టని వదిలేస్తే గోడని చీల్చేస్తుంది. మీకు మనసొప్పకపోతే కుండీలోకి మార్చి గుడికివ్వండి.

నీళ్ళు. ఇక్కడ కావేరి నీళ్ళు వచ్చే ఏరియాల్లో గొడవ లేదు, బోరు నీళ్ళయితే బాగా ఉప్పు, కుండీల అంచుల మీద తెల్లగా పేరుకుంటుంది, మల్లె ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతాదంతా పాలిపోతుంది. అందరూ దానికి ఎరువు తక్కువైందని ఇంకా ఎరువు వేస్తారు, అసలు కారణం చాలాసార్లు ఆ నీళ్ళే. నెలకోసారైనా వాన నీళ్ళు దండిగా పోస్తే కడుక్కుపోతుంది. 2009 నుంచి ఇక్కడ థర్టీ ఫార్టీ, అంతకన్నా పెద్ద సైటుల్లో కొత్తగా కట్టే ఇళ్ళకి వాన నీటి సేకరణ తప్పనిసరి, చాలామంది పైపు పెట్టించి వదిలేస్తారు, దయచేసి వాడుకోండి. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద ఒక సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్ల పైన నీళ్ళు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగునీళ్ళు మొక్కలకి పోస్తే ఐదు వేల రూపాయల జరిమానా అని జలమండలి ఆర్డరేసింది. ఆ రెండు నెలలూ బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళతోనే మా మేడంతా నెట్టుకొచ్చాను, ఇప్పటికీ అదే అలవాటు. ఆర్వో నుంచి బయటికొచ్చే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది, ఇల్లు తుడుచుకోవడానికి వాడండి. అపార్ట్‌మెంట్లలో శుద్ధి చేసి ఇచ్చే నీళ్ళు పూల మొక్కలకి సరే, పచ్చిగా తినే ఆకులకి వద్దు. కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీళ్ళు వారానికోసారి పారబోయండి, ఇక్కడ వానాకాలం డెంగీ ఊరికే రాదు.

ఎక్కడ కొనాలి అంటారు. జనవరి, ఆగస్టు నెలల్లో లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి తప్పకుండా వెళ్ళండి, పిల్లల్ని గ్లాస్‌హౌస్ దగ్గరికి తీసుకెళ్ళండి, కానీ ఆ ఊపులో ఇరవై మొక్కలు కొనకండి. నిదానంగా ఇంకో రోజు వెళ్ళి అక్కడే ఉన్న నర్సరీమెన్ కోఆపరేటివ్ సొసైటీలోనో, పక్కన సిద్దాపుర నర్సరీల్లోనో బేరం చూసుకుని కొనండి. మన్నుతో సహా అక్కడ అన్నీ దొరుకుతాయి. ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) ఒక వంతు, కుండీకి గుప్పెడు వేపపిండి, ఇంతే నా మిశ్రమం. కోకోపీట్ బ్లాకుని నానబెట్టి ఆ ఎర్ర నీళ్ళు రెండుసార్లు వంచేయండి, అందులోనూ ఉప్పుంటుంది. కూరగాయల విత్తనాలకి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళవి నాకు నమ్మకం, వాళ్ళ అర్క రక్షక్ టమాటా గ్రో బ్యాగులో పెడితే మూడు తెగుళ్ళని తట్టుకుని కాసింది.

ఇప్పుడు మన మొక్కలు. గోంగూర విత్తనాలు మా అమ్మ కాగితం పొట్లం కట్టి పంపేది, నేను సంక్రాంతికి తెచ్చుకునేదాన్ని కానీ దసరా అయ్యాక చల్లేదాన్ని, జానెడు ఎదగ్గానే పూత. పగటి పొద్దు తగ్గితే గోంగూర పూతకొచ్చేస్తుంది, ఆకు కావాలంటే ఫిబ్రవరి నుంచి జూన్ లోపు చల్లండి. అమ్మ పంపలేకపోతే ఇక్కడ సంతలో పుండి సొప్పు అని అడగండి, అదే. కరివేపాకు డిసెంబర్, జనవరిలో కదలదు, ఈ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, చలికి నిద్రపోతుంది, చచ్చిపోయిందని పీకేయకండి. శివరాత్రి దాటాక కొసలు తుంచి పుల్ల మజ్జిగ పోయండి, గుబురుగా లేస్తుంది. గుండుమల్లెకి కార్తీకం అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలంలో పూస్తుంది, దానికి మాత్రం మేడ మీద రోజంతా ఎండ ఉండాలి.

మందారానికి పిండినల్లి పట్టని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. మొగ్గ తొడిమ దగ్గర దూదిపింజలా కనబడగానే ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టండి, సాయంత్రం లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఆకుల అడుగున తగిలేలా చల్లండి, వారం తర్వాత మళ్ళీ. చీమలు ఎక్కుతుంటే ముందు వాటిని ఆపండి, పిండినల్లిని కొమ్మ కొమ్మకీ మోసేది అవే. మరీ ముదిరితే కొమ్మ నరికేయడమే, మందుల షాపు మందులు దేవుడికి కోసే పూల మీద నేను కొట్టను.

వంటింటి చెత్తతో కంపోస్టు చేయాలనుకునే వాళ్ళు హెచ్ఎస్ఆర్ లేఅవుట్లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్ర అని ఉంది, ఒకరోజు వెళ్ళి చూడండి, వాసన ఎందుకొస్తుందో ఎలా ఆపాలో చేత్తో పట్టి చూపిస్తారు. ఎండాకులు తక్కువైతే వాసన, అంతే సంగతి. మనిళ్ళల్లో చింతపండు పిప్పి, పచ్చడి గిన్నె కడుగు ఎక్కువ, ఉప్పూ నూనే ఉన్నవి అందులో వేయకండి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే మొక్కల్ని ఏం చేయాలని అందరూ అడుగుతారు. చలికాలమే కాబట్టి అంత భయం లేదు. కుండీలన్నీ ఒక నీడ మూలకి చేర్చి దగ్గర దగ్గరగా పెట్టండి, మట్టి మీద ఎండాకులు మందంగా పరచండి, ముఖ్యమైన వాటికి బకెట్లోంచి కుండీలోకి నూలు తాడు వేసి వదిలితే అదే నీళ్ళు పీల్చుకుంటుంది. పక్కింటివాళ్ళకి ఒక తాళం ఇచ్చి వెళ్ళగలిగితే ఇంకా మంచిది. మా మేడకి పన్నెండేళ్ళుగా ఆ పని ఆంటీయే చేస్తున్నారు, నేను తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి ఒక సీసా గోంగూర పచ్చడి తెస్తాను, కారం తగ్గించి పట్టమని అమ్మకి ముందే ఫోన్ చేసి చెప్తాను.