వెదురుతో ఇల్లు కడితే ఎన్నేళ్లు నిలుస్తుంది?

మూడు సెంట్ల స్థలంలో, నాలుగైదు లక్షల్లో వెదురుతో రెండు గదులు వేసుకోవచ్చా, ఎన్నాళ్లు ఉంటాయి అని అడిగారు. రంపచోడవరం దిగువన మా పొలంలో నేను రెండుసార్లు కట్టాను. మొదటిది మూడో ఏడు రాకముందే పొయ్యిలోకి పోయింది. రెండోదానికి ఇప్పుడు తొమ్మిదేళ్లు.

మొదటిసారి ఎండాకాలంలో లేత బొంగులు కొట్టించి, ఆ వారమే గుంజలు నేలలో పాతించేశాను. ఏడాది తిరిగాక ఒక ఉదయం దుప్పటి మీద సన్నటి పిండి కనిపించింది, ఎవరో జల్లెడ పట్టినట్టు. తల ఎత్తి చూస్తే వాసం నిండా సూదిమొనంత రంధ్రాలు. పాతిన మొదళ్లను అప్పటికే చెదలు పట్టాయి. తడికలు అల్లే మేదర పెద్దాయన ఒక బొంగును విరిచి చూసి, "లోపల తీపి ఉంచి, పురుగును తినవద్దంటే ఎలా బాబూ?" అన్నారు. ఆయన తీపి అన్నది వెదురులోని పిండిపదార్థం. పురుగుకు కావలసింది అదే.

రెండోసారి ఆయన్నే వెంటబెట్టుకుని, వానలు తగ్గాక చలికాలంలో, మూడేళ్లు దాటిన, సాధన వెదురు అనే గట్టి రకం బొంగులు ఎంచుకున్నాం. లేతదాని మీద తెల్లని బూడిద, పొరలు ఉంటాయి. ముదిరినది మచ్చలు పట్టి, తడితే ఖంగుమంటుంది. పొడవాటి ఇనుప ఊచతో లోపలి కణుపులన్నీ పొడిచి, టార్పాలిన్ పరిచిన గుంతలో నానబెట్టాం. వంద లీటర్ల నీళ్లకు మూడు కిలోల వెలిగారం (బోరాక్స్), రెండు కిలోల బోరిక్ పొడి. పది రోజులయ్యాక తీసి నీడలో నిలబెట్టి ఆరబెట్టాం. ఈ మందు నీళ్లలో కరిగిపోయేది కాబట్టి వాన నేరుగా తగిలితే కొట్టుకుపోతుంది. అందుకే చూరు మూడడుగులు బయటికి దించాను. మా ఇంట్లో అందరూ చీకటిగా ఉందని నసిగారు కానీ నేను వినలేదు.

గుంజలను మళ్లీ నేలలో పాతలేదు. అడుగున్నర ఎత్తు సిమెంటు దిమ్మలు పోసి, వాటిలో నిలిపిన ఊచలు బొంగు మొదట్లోకి వెళ్లేలా కూర్చి, ఆ కణుపులో సిమెంటు ముద్ద నింపాం. మేకులు వద్దు, వెదురు నిలువునా చీలుతుంది. రంధ్రం చేసి బోల్టులే బిగించాలి. పైకప్పు తేలికైనది కాబట్టి గాలివానకు లేవకుండా దూలాలకు, దిమ్మలకు గట్టిగా పట్టు ఉండాలి.

గోడలకు చీల్చిన వెదురు దబ్బల తడిక, దాని మీద ఇనుప జాలీ, రెండువైపులా సిమెంటు పూత. చూసినవాళ్లు ఇటుక గోడే అనుకుంటారు. కోస్టారికాలో 1991 భూకంపానికి లిమోన్ ప్రాంతంలో ఇలా సిమెంటు పూసిన వెదురు ఇళ్లు నిలబడ్డాయి. స్నానాల గది మాత్రం ఇటుకతోనే కట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. నా ఖర్చులో బొంగుల వాటా ఆరో వంతుకు మించలేదు. మిగతాదంతా పునాది, రేకులు, బోల్టులు, కూలి. కాబట్టి వెదురు అనగానే ఖర్చు సగానికి సగం పడిపోతుందని లెక్క వేసుకోకండి. నాకు మిగిలింది గోడల దగ్గర. అప్పుకోసం ఒక బ్యాంకుకు వెళితే, ఇది పాకా ఇల్లా అని అడిగి పంపేశారు. వెదురు నిర్మాణానికి ఐఎస్ 15912 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఇంజనీరు చేత దాని ప్రకారం నక్షా గీయించుకుని వెళ్లి ఉంటే నా మాటకు కొంచెం బలం ఉండేది. మీరైనా ఆ పని ముందే చేయండి.

బొంగులు రైతు పొలంలోవి కొనండి. 2017లో అటవీ చట్టాన్ని సవరించాక, అడవి బయట పెరిగిన వెదురును చెట్టుగా లెక్కించడం లేదు. అడవిలోదానికి మాత్రం అనుమతి కావాలి.

మీది నల్లరేగడి అయితే దిమ్మల లోతు మారుతుంది. నేల ఎలాంటిదో రాయండి, చెబుతాను.