కౌలాలంపూర్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నీకు కౌలాలంపూర్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "ముస్లిం దేశం కదక్కా, ఎలా ఉంటుందో" అని తనకి ఒకటే టెన్షన్. పదకొండేళ్లు అక్కడ కాపురం చేసినదాన్ని, నాలుగు మాటలు రాస్తున్నాను.

2020 జనాభా లెక్కల్లో మలేషియా దేశం మొత్తం మీద ముస్లింలు 63 శాతం పైచిలుకు. మిగిలిన వాళ్లలో బౌద్ధులు, క్రైస్తవులు, హిందువులు ఉన్నారు. అందుకని మొహం చూసి మతం చెప్పేయకు. నేను చేసిన పని అదే. కింది ఫ్లాటు ఆవిడని మలయ్ ముస్లిం అనుకుని, రంజాన్ పండక్కి ఖర్జూరాల డబ్బా పట్టుకెళ్లి "సెలామత్ హరి రాయ" అన్నాను. ఆవిడ నవ్వుతూ లోపలికి పిలిచింది. చూస్తే గోడమీద సిలువ! బోర్నియో దీవిలోని సరవాక్ రాష్ట్రం నుంచి వచ్చిన ఇబాన్ తెగ ఆవిడట. వాళ్ల పెద్ద పండగ గవాయ్, పంట ఇంటికొచ్చాక జూన్ 1న చేసుకుంటారు. మన సంక్రాంతి అనుకో. ఖర్జూరాలు మాత్రం తిరిగి ఇవ్వలేదులే.

కాస్త మలయ్ నేర్చుకో. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి బోర్డులు మొదటిరోజే చదివేస్తావు. చాలా మాటలు మనకి చుట్టాలే. భాషని బహాసా అంటారు, తలని కెపాలా అంటారు. మొగుణ్ణి సువామి అంటారని తెలిశాక మీ పెదనాన్న వారం రోజులు మురిసిపోయారు! బజారులో చైనీయులు తమలో తాము కాంటనీస్ అనే చైనా భాష మాట్లాడుకుంటారు, పెనాంగ్ దీవికి వెళ్తే హొక్కియెన్ అనే ఇంకో చైనా భాష.

నిన్ను చూడగానే తమిళంలో పలకరిస్తారు. విసుక్కోకు, తెలుగని చెప్పు. తోటల్లో పనికి మనవాళ్లు తరాల కిందటే వెళ్లారు, 1955 నుంచీ అక్కడ వాళ్లకి సంఘం ఉంది. ఒకవేళ ఎవరైనా "కెలింగ్" అంటే అది తిట్టు. మన కళింగ పేరే అలా దిగజారింది, ఏం చేస్తాం.

మలయ్ పెద్దవాళ్లు మెల్లగా చెయ్యి తాకి గుండెమీద పెట్టుకుంటారు, నువ్వూ అలాగే చెయ్యి. మగవాళ్లయితే వాళ్లు చెయ్యి చాపేదాకా ఆగు. దేన్నైనా చూపించాలంటే చూపుడువేలు వద్దు, బొటనవేలు వాడాలి. మీ ఇంట్లో తినడానికి వాళ్లు హలాలో కాదో అని సందేహిస్తే మనసుకి తీసుకోకు, కాగితం పళ్లేల్లో పెడితే చాలామంది హాయిగా తింటారు.

దీపావళికి అక్కడ సెలవే. ఆరోజు తలుపు తీసి పెట్టుకోవాలి, పిలవకపోయినా పక్కవాళ్లు వస్తారు. పులిహోర మూడింతలు కలుపు.

మీ పెద్దమ్మ