కాలేజీ నిజాయితీ ప్లేస్‌మెంట్ రిపోర్టులో కనిపిస్తుంది

ప్రశ్న: మాది చిత్తూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి ఇక్కడే రెండు కాలేజీల్లో ఎంబీఏ సీటు వచ్చింది. ఒకదాంట్లో బిజినెస్ ఎథిక్స్ తప్పనిసరి సబ్జెక్టట. అది ఉద్యోగంలో పనికొస్తుందా? ఎందులో చేర్చమంటారు? - ఒక తల్లి

జవాబు: పనికొస్తుందమ్మా. రేపు సేల్స్‌లో చేరితే, నెలాఖరున టార్గెట్ కోసం డీలర్ పేరు మీద సరుకు బిల్లు వేసేయమని, వచ్చే నెల వెనక్కి తీసుకుందామని పైవాళ్లు చెప్పవచ్చు. అప్పుడేం మాట్లాడాలో క్లాసులోనే చర్చించి ఉంటే కుర్రాడికి ధైర్యం ఉంటుంది. కానీ సిలబస్ చూసి కాలేజీని ఎంచుకోకండి. సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుందిగా! 2009 జనవరి 7న లెక్కలు తారుమారు చేశామని లేఖ రాసిన ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు అమెరికాలో ఎంబీఏ చేసినవారే. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని పద్ధతిగా, నిజాయితీగా నడపడం) అవార్డు కూడా వచ్చింది.

రెండు కాలేజీల ప్లేస్‌మెంట్ రిపోర్టులూ తెప్పించుకోండి. హోర్డింగుల మీద వేసే హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. నలుగురికి భారీ జీతాలొస్తే సగటూ పెరిగిపోతుంది. మీరు అడగాల్సింది మీడియన్, అంటే అందరి జీతాలూ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది. బ్యాచ్‌లో ఎంతమంది, ప్లేస్‌మెంట్లకు కూర్చున్నవారెందరు, ఉద్యోగాలు వచ్చింది ఎందరికి? ఈ మూడూ విడివిడిగా రాయించుకోండి. కొన్నిచోట్ల ఉద్యోగం రానివారిని 'ఆసక్తి లేనివారు' కింద రాసి, నూటికి నూరు శాతం అని చెప్పుకుంటారు. అలాంటి చోట రెండేళ్లుంటే పిల్లలు నేర్చుకునేది కూడా అదే, ఎథిక్స్ పేపర్లో ఎన్ని మార్కులొచ్చినా. ఐఐఎం అహ్మదాబాద్ తన రిపోర్టును ఆడిట్ చేయించి మరీ బయటపెడుతుంది. కాబట్టి ఈ లెక్కలు ఇవ్వడం కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి.

తర్వాత మీవాణ్ణి ఒక్కణ్ణే క్యాంటీన్‌కు పంపండి. బెంగళూరు కాలేజీల్లో తెలుగు సీనియర్లకు కొదవలేదు. ప్రాజెక్టు సర్వే ఫారాలు హాస్టల్ రూములో కూర్చుని తామే నింపేసుకుంటారా, అది తెలిసీ సంతకం పెట్టే లెక్చరర్లున్నారా అని అడగమనండి. నా దృష్టిలో బ్రోషర్ కంటే ఈ జవాబే ముఖ్యం. దొంగ డేటాను తిప్పికొట్టి, మళ్లీ మార్కెట్‌కు వెళ్లి రమ్మనే లెక్చరర్ ఒక్కరున్నా ఆ కాలేజీ మంచిదే.

వీటికి సూటిగా జవాబిచ్చిన కాలేజీకే ఫీజు కట్టండి, అక్కడ ఎథిక్స్ తప్పనిసరి కాకపోయినా సరే.