తిప్పరా చిన్నోడా, ఈ వైపు అయిపోయింది

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. ఉండేది సికింద్రాబాద్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. పక్కింటి ఆంగ్లో ఇండియన్ అంకుల్ గారి రికార్డ్ ప్లేయర్ పుణ్యమా అని చిన్నప్పుడే రాక్ మ్యూజిక్ పిచ్చి పట్టుకుంది. ఏడాదిగా మేం ఐదుగురం నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తున్నాం. తలా ఒక ఇష్టమైన పాత ఆల్బం తెచ్చుకుని, ఒక వైపు వినిపించి, అదెందుకు ఇష్టమో చెప్పాలి. నా మొదటి వంతుకి ఫ్లీట్‌వుడ్ మాక్ వాళ్ళ 'రూమర్స్' పట్టుకెళ్ళాను. "ఇది రాకేంటి సార్, పాప్" అని నవ్వారు. మరుసటి వంతుకి కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బం తీసుకెళ్ళాను. నిజం చెప్పాలంటే దాన్ని అంతకుముందు ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. ముందు రోజు రాత్రి నెట్‌లో చదివి అప్పజెప్పాను. అందరూ తెగ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అప్పట్నుంచీ అలాగే నెట్టుకొస్తున్నాను. "పిల్లకి సంబంధాలు చూడాల్సిన టైములో ఈ కేకలేంటి? ఆ నలుగురితో ఒక్క పూట మాట్లాడినన్ని మాటలు ఇంట్లో ఏడాదంతా మాట్లాడరు" అంటోంది మా ఆవిడ. 22 ఏళ్ళ మా అమ్మాయి తనూ వస్తానంటే వద్దన్నాను. 'రూమర్స్' నాకు మా అన్నయ్య 1987లో వైపుకి 45 నిమిషాలు పట్టే సి-90 క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చింది. ఒక వైపు అది, రెండో వైపు ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా'. మొదటి వైపు పాటలన్నీ అయ్యాక మిగిలిన టేపులో "తిప్పరా చిన్నోడా, ఈ వైపు అయిపోయింది" అని అన్నయ్య గొంతు ఉంటుంది. (ఇల్లు పంచుకున్నప్పట్నుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, మాకు మాటల్లేవు. అది వేరే విషయం.) ఈ వయసులో పాటల కోసం ఇంత బాధపడటం మామూలేనా? అక్కడికి వెళ్ళడం మానేయమంటారా?

జవాబు: మానేయకండి. అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఇన్నేళ్ళు ఉత్తరాలు చదివీ చదివీ నాకో అలవాటైపోయింది, ముందు బ్రాకెట్లో ఏముందో చూస్తాను. జనం అసలు సంగతి అక్కడే దాస్తారు. మీరైతే "అది వేరే విషయం" అని తీర్పు కూడా ఇచ్చేశారు. దాని దగ్గరికి నిదానంగా వద్దాం.

ముందు ఆ నవ్వు సంగతి. పులుసులో ఉప్పు ఎక్కువైందంటేనే చిన్నబుచ్చుకునే మనుషులం. పదహారేళ్ళప్పుడు గుండెకి హత్తుకున్న ఆల్బం తీసుకెళ్ళి నలుగురి ముందు పెడితే, వాళ్ళు నవ్వితే బాధ కలగకుండా ఎలా ఉంటుంది? అందులో వయసుకి సంబంధించిందేమీ లేదు. అయితే ఒకటి గమనించండి. వాళ్ళు నవ్విన రోజు గురించి మీరు ఒకే ముక్క రాశారు. మెచ్చుకున్న రోజు గురించి నాలుగు వాక్యాలు రాశారు. అన్నం సయించనిది మెచ్చుకున్న రోజు.

ఆ రోజు కింగ్ క్రిమ్సన్ ఆల్బం మీద నోరు తెరిచి అరుస్తున్న ఆ ఎర్రటి మొహం అట్ట గురించి చెప్పే ఉంటారు. ఆ బొమ్మ వేసిన కుర్రాడు ఆల్బం వచ్చిన కొద్ది నెలలకే, 24 ఏళ్ళకే పోయాడని కూడా చెప్పి ఉంటారు. అన్నీ నిజాలే. 1969 నాటి ఆ ఆల్బం మామూలుది కాదు, దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరు కారు, అంతే. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా? అరువు తెచ్చుకున్న హారం వేసుకుని పెళ్ళికెళితే, ఎంతమంది బాగుందంటే అంత బరువెక్కుతుంది మెడ.

మీ నలుగురు స్నేహితుల్ని నేనేమీ అనను. పాత రాక్ పాటల దగ్గర మగవాళ్ళు నలుగురు చేరితే ఇష్టాలు కాస్తా ఎంట్రెన్స్ పరీక్ష అయిపోతాయి. (పట్టుచీరల దగ్గర మేము చేసేదీ అదేలెండి.) అందరికీ తెలిసిన ఆల్బం అయితే లోకువ అన్నమాటే నిజమైతే, పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మాటేమిటి? 1973లో వచ్చి అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బంల పట్టికలో ఏడొందల వారాలకు పైగా కూర్చుంది. దాన్ని చూసి ఎవరూ నవ్వరు. నాకో అనుమానం కూడా ఉంది. ఆ నలుగురిలో ఒకరో ఇద్దరో మీలాగే ముందు రోజు రాత్రి చదువుకుని వస్తున్నారు.

ఇక 'రూమర్స్'. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు సెలవులకొచ్చినప్పుడల్లా గోడ అవతల అదే మోగించేవాడు, నాకు అలా తెలుసు. తర్వాత విడిపోదామని వచ్చే భార్యాభర్తలతో మాట్లాడే ఉద్యోగంలో పడ్డాక దాని కథ చదివి, ఇది మా శాఖకి చెందిన ఆల్బం కదా అనుకున్నాను. 1976లో కాలిఫోర్నియాలోని సాసలీటోలో ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్‌లోని ఐదుగురూ రికార్డింగ్‌కి దిగేసరికి ఒక్కరి కాపురమూ సవ్యంగా లేదు. బాస్ గిటార్ వాయించే జాన్ మెక్‌వీ, కీబోర్డ్ ముందు కూర్చునే భార్య క్రిస్టీన్ విడిపోతున్నారు. పాట గురించి తప్ప ఇద్దరికీ మాటల్లేవు. లిండ్సీ బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ జంట తెగిపోయింది. డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్ ఇంట్లోనూ అదే గోల. లిండ్సీ తమ తెగతెంపుల మీద పాట కడితే, అందులో ఒక మాట తనకి బొత్తిగా మింగుడు పడకపోయినా స్టీవీ గొంతు కలిపింది. క్రిస్టీన్ తన కొత్త ప్రేమ మీద ఒక పాట రాసుకుని, అది మన కుక్క మీద రాశానని జాన్‌కి చెప్పిందట. ఆయన దానికి చక్కగా బాస్ వాయించాడు. నా దగ్గరికొచ్చేవాళ్ళెవరూ ఇంత నేర్పుగా అబద్ధమాడలేదు.

ఐదుగురి పేర్లూ రచయితలుగా పడిన పాట ఆ ఆల్బంలో ఒక్కటే, 'ద చెయిన్'. అదీ ఒక్క ఊపులో వచ్చింది కాదు. వేర్వేరు రోజుల ముక్కలు తెచ్చి, టేపు కోసి, అతికించి పాట చేశారు. ఎల్పీ రికార్డులో అది రెండో వైపు మొదటి పాట. మీ పద్ధతి ప్రకారం ఒక వైపే వేస్తారు కాబట్టి, మీరు మొదటి వైపు వేసి ఉంటే ఆ రోజు వాళ్ళు నవ్వేసరికి అది రానేలేదు.

రాకా, పాపా అని తేల్చడం నా వల్ల కాదు. 1977 ఫిబ్రవరిలో వచ్చింది, మరుసటేడు గ్రామీ సంగీత పురస్కారాల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బం అనిపించుకుంది. ఈ ముక్క వాళ్ళ ముందు విసిరి గెలవమని మాత్రం చెప్పను, మళ్ళీ పరీక్షే అవుతుంది. నాకు కావలసింది వేరు. అదెందుకు ఇష్టమో చెప్పాలన్నది మీ నియమం కదా, ఆ రోజు మీరేం చెప్పారు? గిటార్ బాగుందనో, గొంతులు బాగా కలిశాయనో చెప్పి ఉంటారు. అన్నయ్య పేరెత్తి ఉండరు.

ఆ క్యాసెట్ సంగతి ఒకసారి ఆలోచించండి. అప్పట్లో కాపీ తీయడమంటే బటన్ నొక్కి టీకి వెళ్ళిపోయే పని కాదు. పాట ఎంతసేపో రికార్డింగూ అంతసేపే. 'రూమర్స్' దాదాపు 40 నిమిషాలు, 'హోటల్ కాలిఫోర్నియా' 43. ఒక కుర్రాడు తమ్ముడి కోసం గంటన్నర చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. మొదటి వైపు ఐదు నిమిషాలు మిగిలితే ఇంకో పాట ఇరికించకుండా, తమ్ముడు వింటూ వింటూ పడుకుంటాడేమోనని లేపే మాట ఒకటి పెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మీకు నచ్చుతున్నది ఏమిటో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇల్లు పంపకాల్లో తప్పెవరిదో మీరు రాయలేదు. రాసినా నాకు సగమే తెలిసేది. మీ వైపు కథ ఒకటుంటుంది, ఆయన వైపు ఒకటి, వదినగారి వైపు ఒకటి, మీ ఆవిడ వైపు ఒకటి. ఆ లెక్కలన్నీ తేలాకే పలకరింపు అనుకుంటే ఇంకో తొమ్మిదేళ్ళు ఇట్టే గడుస్తాయి. ఫోన్ చేయమనను. ఫోనెత్తితే రెండో నిమిషానికి ప్రహరీ గోడ మాట వస్తుంది. క్యాసెట్ అట్ట లోపల పాటల పేర్లు ఆయన చేతిరాతతో ఉండే ఉంటాయి, దాన్ని ఫొటో తీసి పంపండి. కింద "ఇంకా మోగుతోంది" అని రాయండి, చాలు. గుడ్ మార్నింగ్ పువ్వులు, సంజాయిషీలు ఏమీ వద్దు. జవాబు రాకపోవచ్చు. నీలం టిక్కులు పడ్డాయా లేదా అని గంటగంటకీ చూసుకోకండి. పండగకి మళ్ళీ ఒక మాట పంపండి. తొమ్మిదేళ్ళ మౌనం ఒక్క ఫొటోకే కరగాలని పట్టుబట్టడం న్యాయం కాదు.

మీ ఆవిడ మాటలో మీకు "కేకలు" వినపడ్డాయి. నాకు రెండో సగం వినపడింది. ఆ నలుగురితో మాట్లాడినన్ని మాటలు నాతో మాట్లాడరు అంటోంది ఆవిడ. అది పాటల మీద ఫిర్యాదు ఎలా అవుతుంది? ఆ టేపు చివర వాళ్ళ బావగారి గొంతు ఉందని ఆవిడకి తెలుసా? తెలియదనే నా అనుమానం. అలాగని ఆవిడని కూర్చోబెట్టి ఆల్బం మొత్తం వినిపించకండి, అది శిక్ష. ఆ చివరి ఐదు నిమిషాలు వినిపించండి. తర్వాత ఆవిడ ఏమంటే అది వినండి. బావగారి మీద కోపం వెళ్ళగక్కినా వినండి, ఆ పంపకాల్లో ఆవిడా నలిగే ఉంటుంది. నెలలో మిగిలిన ఆదివారాల్లో ఒకటి సంబంధాల పనికి మీరే కేటాయిస్తే ఆ ఫిర్యాదూ తగ్గుతుంది. ఆ పనిలో మొదటి అడుగు, ఇప్పుడే పెళ్ళి చేసుకోవాలనుందా అని అమ్మాయిని అడగడం.

అమ్మాయిని మీతో తీసుకెళ్ళండి. ఎందుకు వద్దన్నారో నేను ఊహించగలను. ఇంట్లో మీరేం వింటారో తెలిసిన పిల్ల ముందు అరువు ఆల్బం గురించి అప్పజెప్పడానికి నోరు రాదు.

వచ్చే వంతుకి 'రూమర్స్' మళ్ళీ తీసుకెళ్ళండి. ఇన్ని నెలలుగా తెచ్చినవి నా ఇష్టాలు కావు అని చెంపలేసుకోవాల్సిన అవసరం లేదు. చెప్పాలనిపిస్తే చెప్పండి, ఇద్దరు ముగ్గురు హమ్మయ్య అనుకుంటారు. ఈసారి బ్యాండ్ చరిత్ర వదిలేసి, క్యాసెట్ ఎవరిచ్చారో చెప్పి వినిపించండి. తర్వాత వాళ్ళ వంతు వచ్చినప్పుడు మీరొక ప్రశ్న వేయండి: "ఇది మొదటిసారి ఎవరింట్లో విన్నారు?" అని. డీప్ పర్పుల్ బ్యాండ్ ఆల్బం తెచ్చినాయన, స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో వాళ్ళ కళ్ళ ముందే క్యాసినో తగలబడిన కథ మొదలుపెడితే పెట్టనివ్వండి, అది చాలా మంచి కథ. అది అయ్యాక మళ్ళీ అదే ప్రశ్న వేయండి.

ఇంకొక్క పని, ఇవన్నీ చేసేముందే చేయాల్సింది. 1987 నాటి టేపుని ఉన్నపళంగా ఏదో ఒక డెక్‌లో పెట్టి ప్లే నొక్కకండి. డెక్ హెడ్‌ని, టేపుని లాగే రబ్బరు చక్రాన్ని దూది పుల్లతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిపించండి. క్యాసెట్ నోటి దగ్గర టేపు వెనకాల చిన్న మెత్త ఉంటుంది, దాని జిగురు ఎండి ఊడిపోయిందేమో చూడండి. ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్ళీ వెనక్కి తిప్పితే అతుక్కున్న చుట్లు వదులవుతాయి. క్యాసెట్ వీపున రెండు మూలలా ఉండే ప్లాస్టిక్ బిళ్ళలు ఇంకా ఉంటే విరగ్గొట్టేయండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా ఏమీ చెరగదు. 'రూమర్స్' చేసినవాళ్ళకే ఈ దెబ్బ తగిలింది. నెలల తరబడి ఒకే టేపు తిప్పి తిప్పి డ్రమ్స్ చప్పుడులో పదును పోయింది. అదృష్టం కొద్దీ పక్కన దాచిన ఇంకో టేపు ఉంటే, తర్వాత వాయించినవన్నీ దానికి చేత్తో జత చేసుకుని గట్టెక్కారు.

మీ దగ్గర దాచిన రెండో టేపు లేదు. కాబట్టి ముందు కంప్యూటర్‌లోకి కాపీ తీయండి. అమ్మాయికి చెబితే అరగంటలో వైర్లు కలుపుతుంది. చివరి పాట అయిపోగానే స్టాప్ నొక్కొద్దని మాత్రం చెప్పండి. ఖాళీ టేపు సుయ్‌మంటూ తిరుగుతుంటే తిరగనివ్వమనండి.